మణికట్టుకు కీహోల్ సర్జరీ చేయించుకుంటే చెయ్యి బిగుసుకుపోతుందా?

ప్రశ్న: నా వయసు 44. చాలా ఏళ్ల కిందట పడినప్పుడు కుడి మణికట్టులో స్కాఫాయిడ్ ఎముక విరిగింది. బెణుకే అనుకుని వదిలేశాను. అది అతుక్కోలేదని, చుట్టూ అరుగుదల మొదలైందని ఇప్పుడు చెబుతున్నారు. తడిబట్ట పిండాలన్నా ప్రాణం పోతోంది. మందులు, పట్టీ, ఇంజెక్షన్ అన్నీ అయ్యాయి. కీహోల్ పద్ధతిలో, అంటే చిన్న రంధ్రాల ద్వారా, కొన్ని ఎముకలను కలిపేస్తామంటున్నారు. తర్వాత చెయ్యి వంగుతుందా? పట్టు వస్తుందా?

డాక్టర్ సలహా: వంగుతుంది, కానీ మునుపటంత కాదు. ఈ విషయం ముందే తెలుసుకుని ఆపరేషన్‌కు వెళ్లడం మంచిది.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మీలాంటి వారికి సాధారణంగా పాడైన స్కాఫాయిడ్‌ను తీసేసి, పక్కనున్న నాలుగింటిని స్క్రూలతో ఒకటిగా కలుపుతారు. ముంజేతి ఎముకకూ, ఆ నాలుగింటిలో ఒకటైన లూనేట్ ఎముకకూ మధ్య ఉన్న కీలును మాత్రం ముట్టుకోరు. మీకు మిగిలే కదలికంతా అక్కడిదే. కాబట్టి ఆ కీలులో గుజ్జు బాగుంటేనే ఈ ఆపరేషన్ పనికొస్తుంది. అక్కడా అరిగిపోయి ఉంటే వేరే దారి చూడాలి.

చాలామందికి నొప్పి బాగా తగ్గుతుంది. బరువు పనులు చేసిన రోజు కాస్త సలుపు ఉండొచ్చు. రెండో చేతితో పోలిస్తే కదలిక దాదాపు సగం, పట్టు 70 నుంచి 80 శాతం వరకు వస్తాయి. పట్టు కుదురుకోవడానికి ఏడాది పట్టినా కంగారుపడకండి. తాళం తిప్పడం, స్క్రూ బిగించడం లాంటివి ముంజేయి తిరగడం వల్ల జరిగే పనులు కనుక వాటికి ఢోకా లేదు. అరచేతులు నేలకు ఆనించి పైకి లేవడం మాత్రం కష్టమవుతుంది.

ఇక కీహోల్ సంగతి. కోత చిన్నది, లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి కణజాలం), రక్తప్రసరణ అంతగా దెబ్బతినవు, మొదటి వారాల్లో నొప్పి తక్కువ. ఇవి నిజమైన లాభాలే. అయితే ఏడాది తర్వాత కదలిక మామూలు ఆపరేషన్ కన్నా బాగా ఎక్కువగా ఉంటుందని ఆశపడకండి. అంత గట్టి ఆధారాలు లేవు. పైగా ఇది సమయం తీసుకునే, చెయ్యి తిరిగిన సర్జన్ మాత్రమే చేయాల్సిన పని. ఇలాంటివి ఎన్ని చేశారని మీ డాక్టర్‌ను మొహమాటం లేకుండా అడగండి.

నా దృష్టిలో కోత సైజు కన్నా ఎముకలు అతుక్కోవడమే ముఖ్యం. కొద్దిమందిలో అవి అతుక్కోవు, మళ్లీ ఆపరేషన్ అవసరమవుతుంది. పొగతాగేవారిలో ఆ ముప్పు ఎక్కువ. మీకు అలవాటుంటే ఇప్పుడే ఆపేయండి, ఎముకలు అతుక్కునే దాకా ముట్టుకోకండి. స్క్రూ తల పొడుచుకొచ్చి ఇబ్బంది పెడితే తర్వాత దాన్ని తీసేయాల్సి రావచ్చు.

ఆపరేషన్ తర్వాత మణికట్టు కొన్ని వారాలు కట్టులోనే ఉంటుంది. వేళ్లను మాత్రం మర్నాటి నుంచే పూర్తిగా ముడిచి చాపుతుండాలి. నొప్పని వదిలేస్తే అవి బిగుసుకుపోతాయి. ఎముకలు అతుక్కోవడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. నొప్పి తగ్గింది కదా అని ఈలోగా బరువులెత్తొద్దు. అతుక్కున్నాయని ఎక్స్‌రేలోనో, అనుమానముంటే సీటీ స్కాన్‌లోనో తేలాకే మొదలుపెట్టండి.