అమెరికాలో టీచర్లకు జరిగే వేసవి చరిత్ర వర్క్‌షాపుల్లో ఏం నేర్పుతారు?

ముఖ్యంగా అసలు పత్రాలు చదవడం, అదీ ఆ చరిత్ర జరిగిన చోటే. వర్జీనియా రాష్ట్రంలో తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ నివాసం మౌంట్ వెర్నన్, ఆ రాష్ట్ర పాత రాజధాని విలియమ్స్‌బర్గ్ వీటికి పేరున్న చోట్లు.

నాకు బాగా నచ్చేది పత్రాలను పక్కపక్కన పెట్టి చదివే పద్ధతి. 1776 అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు, తర్వాత అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ రాసిన చిత్తుప్రతిలో బానిస వ్యాపారాన్ని ఖండించే పేరా ఉంది. అప్పటి వలస రాష్ట్రాల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ దాన్ని తీసేసింది. అది రాసిన జెఫర్సనే జీవితకాలంలో వందలాది మందిని బానిసలుగా ఉంచుకున్నాడు! మౌంట్ వెర్నన్ సంగతీ చూడండి. 1799 నాటి జాబితా ప్రకారం అక్కడ 317 మంది బానిసలు. తన సొంతమైన 123 మందికి విముక్తి కలగాలని వాషింగ్టన్ వీలునామా రాశాడు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది భార్య మార్తాకు మొదటి భర్త ఆస్తి నుంచి సంక్రమించినవారు. వాళ్లను విడిపించే హక్కు చట్టప్రకారం ఆయనకు లేదు. ఈ జాబితా, వీలునామా పిల్లల చేతికిస్తే ప్రశ్నలు వాళ్లే అడుగుతారు. నాయకులను పొగిడే పాఠం కన్నా ఇదే మేలని నా గట్టి నమ్మకం.

చేరాలంటే ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. బస, ప్రయాణ ఖర్చుల ఏర్పాటు ఒక్కో కార్యక్రమంలో ఒక్కోలా ఉంటుంది.