టెండరు దాఖలుకు సంతకం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు

అయ్యా, ఎర్రగుంట్లలోని మీ నాపరాళ్ల కంపెనీకి జీఎస్టీ రిటర్నులలో చక్కగా పనిచేస్తున్న డిజిటల్ సంతకం, టెండరు దాఖలు చేసేటప్పుడు మాత్రం ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్ లేదన్న సందేశంతో ఆగిపోతోందని రాశారు. మీ టోకెన్, అంటే సర్టిఫికెట్ ఉండే యూఎస్‌బీ పరికరం, పాడవలేదు. సంతకం చేయడానికీ, టెండరు తెరిచే వరకు ధరల వివరాలను ఇతరులు చదవలేకుండా భద్రపరచడానికీ (ఇదే ఎన్‌క్రిప్షన్) వేర్వేరు సర్టిఫికెట్లు ఉంటాయి. మీ దగ్గర మొదటిది మాత్రమే ఉంది. కాబట్టి లైసెన్సు పొందిన ధ్రువీకరణ సంస్థ నుంచి, కంపెనీ పేరు కూడా నమోదయ్యేలా, ఆ రెండూ కలిసిన క్లాస్ 3 సర్టిఫికెట్ తీసుకోండి. పాన్, కంపెనీ పత్రాలు, సంతకందారుకు అధికారమిచ్చే లేఖ సమర్పించాలి, వీడియో ధ్రువీకరణ కూడా ఉంటుంది. అంతకంటే తక్కువ స్థాయిదైన క్లాస్ 2 సర్టిఫికెట్ల జారీ 2021 జనవరి 1 నుంచి నిలిచిపోయింది గనుక, ఆ పేరుతో చవకగా ఇస్తామనేవారిని నమ్మవద్దు. కొత్తది రాగానే జీఎస్టీ, టెండరు పోర్టళ్లు రెండింటిలోనూ మళ్లీ నమోదు చేయాలి.

టోకెన్, పిన్ రెండూ కడపలోని అకౌంటెంటు దగ్గరే ఉంటాయన్న మీ మాట నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు కీని, అంటే టోకెన్‌లో ఉండి సంతకం చేసే రహస్య సంకేతాన్ని, తన అదుపులో ఉంచుకొని కాపాడుకోవలసిన బాధ్యత సర్టిఫికెట్ ఎవరి పేరున ఉందో వారిదే. మీ అకౌంటెంటు ఎంత నమ్మకస్తుడైనా సరే, వెంటనే పిన్ మార్చి టోకెన్‌ను మీ దగ్గరే ఉంచుకోండి, ప్రతి దాఖలుకూ మీరే సంతకం చేయండి.