కెమెరా కబుర్లు: స్క్రీన్‌లో కనిపించని ఫ్లాష్

పెళ్ళిళ్ల రోజులు దగ్గరపడేసరికి ఫ్లాష్ మీద ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి అన్నీ మన ఒడిశా వైపు తెలుగువాళ్లవే. జవాబులు రాసే నేను కూడా పర్లాకిమిడిలో ఫిల్మ్ కాలం నుంచీ స్టూడియో నడుపుతున్నవాణ్ణే. కాబట్టి సలహాలు మన ఇళ్లకీ, మన పందిళ్లకీ, మన జేబులకీ తగ్గట్టు ఉంటాయి.

ప్రశ్న: మాస్టారూ, కొమ్ముతో చేసిన కొంగలు, చేపలు, గణపతి బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. ఫొటోలు నేనే తీస్తాను. సోనీ ఎ6400 కెమెరా, అటొకటి ఇటొకటి ఫ్లాష్‌లు, వాటిని దూరం నుంచి వెలిగించడానికి కెమెరా మీద చవక రేడియో ట్రిగ్గర్. ఎపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/11, షటర్ 1/125 సెకను, ఐఎస్ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచుకోవాలో చెప్పే అంకె) 100 పెడితే ఫొటో బాగానే వస్తోంది గానీ, తీసే ముందు స్క్రీన్ నల్లగా ఉంటోంది. బొమ్మ ఎక్కడుందో తెలియక అంచనాగా నొక్కుతున్నాను. రిపేరు షాపులో డిస్‌ప్లే మార్చాలంటున్నారు. మార్చాలా?
(ఒక పాఠకురాలు, పర్లాకిమిడి)

జవాబు: వద్దమ్మా, ఆ డబ్బులు దాచుకోండి. డిస్‌ప్లే బాగానే ఉంది. మీరు పెట్టిన సెట్టింగులకి గదిలో ట్యూబ్‌లైటు వెలుతురు ఏ మూలకీ చాలదు. ఏడెనిమిది స్టాపులు తక్కువ (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది), అంటే కావలసిన దాంట్లో వందో వంతు కూడా లేదు. ఒకసారి ఫ్లాష్‌లు రెండూ ఆపేసి అవే సెట్టింగులతో ఫొటో తీయండి. అదీ నల్లగానే వస్తుంది. లైవ్ స్క్రీన్ మీకు చూపిస్తున్నది ఆ ఫొటోనే. ఫ్లాష్ వెలిగేది మీరు బటన్ నొక్కాక, అదీ సెకనులో వెయ్యో వంతో, ఇంకా తక్కువో. ఇంకా వెలగని వెలుతురు స్క్రీన్ మీదికి ఎక్కడినుంచి వస్తుంది?

మెనూలో ‘లైవ్ వ్యూ డిస్‌ప్లే’ అని ఉంటుంది. అందులో ‘సెట్టింగ్ ఎఫెక్ట్’ ఆఫ్ చేయండి. స్క్రీన్ వెంటనే తెల్లారుతుంది. కెనాన్ మిర్రర్‌లెస్ వాళ్లు ‘ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్’ దగ్గర, నికాన్ జెడ్ వాళ్లు ‘అప్లై సెట్టింగ్స్ టు లైవ్ వ్యూ’ దగ్గర, ఫ్యూజీ వాళ్లు ‘ప్రివ్యూ ఎక్స్‌పోజర్’ దగ్గర ఇదే పని చేసుకోవాలి. కొత్త మోడళ్లలో పేర్లు కాస్త అటూ ఇటూ మారాయి, వెతికితే దొరుకుతాయి. కెమెరా కంపెనీదే అయిన ఫ్లాష్‌ని నేరుగా కెమెరా మీద పెడితే చాలా కెమెరాలు దాన్ని గుర్తుపట్టి స్క్రీన్‌ని తామే వెలిగిస్తాయి. మీ ట్రిగ్గర్‌కి మధ్యలో ఒకే పిన్ను ఉండి ఉంటుంది. అది తగిలించినా పైన ఫ్లాష్ సామాను ఉందన్న సంగతి కెమెరాకి తెలియదు.

ఆఫ్ చేశాక ఒకటి గుర్తుంచుకోండి. ఇక స్క్రీన్ వెలుతురుని నమ్మకూడదు. అది మీ కంటికి కనిపించడం కోసం పెంచి చూపిస్తున్న బొమ్మ. ఫొటో నల్లగా వచ్చిందా, తెల్లగా మాడిందా అన్నది తీశాక హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫ్) చూసుకోవాలి. రంగు కూడా అంతే. ట్యూబ్‌లైటు రంగుకి సరిపెట్టుకునే ఆటో వైట్ బ్యాలెన్స్ మానేసి ‘ఫ్లాష్’ గుర్తు మీద ఉంచేయండి. బొమ్మ బొమ్మకీ రంగు మారదు.

ఇంతకీ మీ అసలు కష్టం స్క్రీన్ కాదని నా అనుమానం. నల్లగా నునుపు పట్టిన కొమ్ము ఫొటో తీయడం పెళ్లికూతుర్ని తీయడం కన్నా కష్టం. నల్లటి మెరుపు వస్తువుకి సొంత రంగు దాదాపు ఉండదు. ఫొటోలో పడేది దాని మీద ప్రతిబింబించిన చుట్టుపక్కల సామానే. ఫ్లాష్ నేరుగా కొడితే కొంగ మెడ మీద చిన్న తెల్ల చుక్క పడి, మిగతాదంతా బొగ్గైపోతుంది. అందుకని ఫ్లాష్‌కీ బొమ్మకీ మధ్య బటర్ పేపరో, పల్చటి తెల్ల ప్లాస్టిక్ షీటో చట్రానికి బిగించి నిలబెట్టండి. ఫ్లాష్‌ని షీటుకి దూరం జరిపితే షీటంతా సమంగా వెలుగుతుంది. అప్పుడు మెడ వంపు పొడవునా సన్నటి తెల్లగీత వస్తుంది. ఆ గీతే బొమ్మకి ఆకారం ఇస్తుంది. రెండో వైపు ఇంకో ఫ్లాష్ బదులు థర్మోకోల్ ముక్క పెట్టి చూడండి. నాకైతే అదే నచ్చుతుంది.

ఆ గీత ఎక్కడ పడుతుందో ముందే తెలియాలంటే లైవ్ స్క్రీన్‌ని మించినది లేదు. ఫ్లాష్ తల పక్కనే, దాదాపు ఆనించి, ఒక మామూలు 9 వాట్ల ఎల్ఈడీ బల్బు వెలిగించండి. ఫ్లాష్ వెలుతురు పడే చోటే బల్బు వెలుతురూ పడుతుంది కాబట్టి మెరుపు ఎక్కడొస్తుందో స్క్రీన్‌లో చూస్తూ షీటు జరుపుకోవచ్చు. ఎఫ్/11, 1/125 దగ్గర ఆ బల్బు ఫొటోలో పడదు, రంగు పాడవుతుందన్న భయం అక్కర్లేదు. ఫోకస్ కూడా అప్పుడే చేయండి. కెమెరాని స్టాండ్ మీద పెట్టి, మాన్యువల్ ఫోకస్‌లో స్క్రీన్‌ని పెద్దది చేసి, కొంగ కన్ను మీద గీత స్పష్టంగా విడిపోయేదాకా రింగు తిప్పండి. ఆ తర్వాత ఒకే సైజు బొమ్మల్ని అదే చోట పెడుతూ వరసగా తీసుకోవచ్చు. ప్రతి ఫొటోకి ముందు మెత్తటి మల్లు గుడ్డతో తుడవండి. పెద్దది చేసి చూస్తే వేలిముద్రలు ఎన్ని ఉంటాయో మీకే తెలుస్తుంది.

వెలుతురు చాలకపోతే షటర్ తిప్పకండి. ఫ్లాష్ వెలుతురు షటర్ స్పీడుతో మారదు. ఎపర్చర్, ఐఎస్ఓ, ఫ్లాష్ పవర్, ఫ్లాష్ దూరం, వీటితోనే మారుతుంది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. షటర్‌ని మీ కెమెరాకి 1/160 దాటించకండి, దాటితే ఫొటోలో ఒక పక్క నల్లపట్టీ వస్తుంది.

ప్రశ్న: గురువుగారూ, పెళ్ళిళ్లకి అసిస్టెంటుగా వెళ్తుంటాను. ఓనరు గారి కెనాన్ 80డి, దాని మీద వేరే కంపెనీ ఫ్లాష్. కన్ను పెట్టి తీస్తే ఫ్లాష్ వెలుగుతుంది. స్క్రీన్ ఆన్ చేసి తీస్తే వెలగదు. పైగా ఫోకస్ కోసం ఫ్లాష్ నుంచి పడే ఎర్ర గీతలు కూడా స్క్రీన్ మోడ్‌లో రావు. ఫ్లాష్ పోయిందంటారా?
(ఒక పాఠకుడు, రాయగడ)

జవాబు: పోలేదు బాబూ. మెనూలో ‘సైలెంట్ ఎల్‌వి షూటింగ్’ అని ఉంటుంది (ఎల్‌వి అంటే లైవ్ వ్యూ, స్క్రీన్ చూస్తూ తీయడం), అది మోడ్ 1 లోనో మోడ్ 2 లోనో ఉండి ఉంటుంది. ‘డిసేబుల్’ చేయి. ఆ రెండు మోడ్‌లలో వేరే కంపెనీ ఫ్లాష్ వెలగదని కెనాన్ తన మాన్యువల్‌లోనే రాసింది. మాన్యువల్ ఎవరు చదువుతారు!

ఎర్ర గీతల సంగతి వేరు. అవి వ్యూఫైండర్‌లో, అంటే నువ్వు కన్ను పెట్టి చూసే చోట, పనిచేసే ఫోకస్ సెన్సర్ కోసం వేసేవి. స్క్రీన్ ఆన్ చేస్తే కెమెరా లోపలి అద్దం పైకి లేచిపోతుంది, ఆ సెన్సర్‌కి ఏమీ కనిపించదు, గీతలూ రావు. 80డి లో, అంతకుముందు 2013లో వచ్చిన 70డి లో డ్యూయల్ పిక్సెల్ (ఫొటో పడే సెన్సరే ఫోకస్ కూడా చూసుకునే పద్ధతి) ఉంది కాబట్టి స్క్రీన్ మీద కూడా ఫోకస్ చురుగ్గానే పడుతుంది. కానీ అర్ధరాత్రి ముహూర్తానికి, హోమం పొగలో, అదీ తడుముకుంటుంది. నా మాట విని జీలకర్ర బెల్లానికీ, సూత్రధారణకీ వ్యూఫైండరే వాడు. స్క్రీన్‌ని తలంబ్రాలప్పుడు కెమెరా నెత్తిమీదికెత్తి తీయడానికి అట్టిపెట్టుకో. జీలకర్ర బెల్లం, సూత్రధారణ, ఈ రెండు క్షణాలూ మళ్ళీ చేయించుకునేవి కావు.

ఇంకో మాట. మన దగ్గర తెలుగు పెళ్ళిలో మధుపర్కాలు, ఒడియా పెళ్ళిలో తెల్లటి ముకుటం, రెండూ టీటీఎల్‌ని (ఫ్లాష్ పవర్‌ని కెమెరాయే లెక్కగట్టే పద్ధతి) మోసం చేస్తాయి. తెలుపు ఎక్కువ కనిపించగానే ఫ్లాష్ తగ్గిపోయి మొహాలు నల్లబడతాయి. ఆ లెక్కని పెంచే, తగ్గించే ‘ఫ్లాష్ కాంపెన్సేషన్’ ప్లస్ 2/3 దగ్గర పెట్టుకుని మొదలుపెట్టు. పందిరి గుడ్డ ఎర్రగానో పచ్చగానో ఉంటే పైకి బౌన్స్ చేయొద్దు, ఆ రంగంతా పెళ్లివాళ్ల మొహాల మీదికి దిగుతుంది. తెల్ల గోడ దొరికితే అటు తిప్పు.

నీ స్నేహితుడెవరైనా 1500డి, 3000డి, 200డి మార్క్ 2 లాంటివి కొనబోతుంటే ముందు హాట్ షూ (కెమెరా పైన ఫ్లాష్ తగిలించే గాడి) చూడమను. కెనాన్ ఈ మోడళ్లలో మధ్యలో ఉండే గుండ్రటి కాంటాక్ట్ తీసేసింది. అది లేకపోతే ఒకే పిన్ను ఉన్న మాన్యువల్ ఫ్లాష్‌లూ, చవక ట్రిగ్గర్లూ వ్యూఫైండర్‌లోనూ వెలగవు, స్క్రీన్‌లోనూ వెలగవు.

ప్రశ్న: మాస్టారూ, బరంపురంలో ఈసారి ఠాకురాణి యాత్ర (అమ్మవారి జాతర) ఫొటోలు తీయాలని ఉంది. కెనాన్ ఆర్10, పైన కెనాన్ ఫ్లాష్. జనం ఎక్కువ కాబట్టి కెమెరా పైకెత్తి, మడత స్క్రీన్ చూస్తూ తీస్తాను. మామూలుగా రాత్రి తీస్తే మనిషి తెల్లగా, వెనకాలంతా కటిక చీకటిగా వస్తోంది.
(ఒక కాలేజీ విద్యార్థి, బరంపురం)

జవాబు: రెండేళ్లకోసారి వచ్చే యాత్ర కదా, ఇంటి దగ్గరే నాలుగు రాత్రులు ప్రాక్టీసు చేసుకుని వెళ్ళు. నీకు చెప్పేది పైన కొమ్ము బొమ్మల అమ్మగారికి చెప్పినదానికి పూర్తిగా తలకిందులు. ఆవిడకి గది వెలుతురు అక్కర్లేదు. నీకు వీధి దీపాలూ, తోరణాల వెలుగూ అన్నీ కావాలి. కాబట్టి ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ ఆన్‌లోనే ఉంచు. అయితే కెనాన్ ఫ్లాష్ ఆన్‌లో ఉంటే కెమెరా ఆ సిమ్యులేషన్‌ని పక్కనపెట్టి వెలుతురు పెంచి చూపిస్తుంది. అందుకని ముందు ఫ్లాష్ ఆపేయి. మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓ 1600, ఎఫ్/5.6 పెట్టి, వెనక దీపాలు స్క్రీన్‌లో నీకు నచ్చినట్టు కనిపించేదాకా షటర్ తగ్గించు. 1/30 దగ్గర ఎక్కడో ఆగుతుంది. మనుషులు కాస్త చీకటిగా ఉండనీ. ఇప్పుడు ఫ్లాష్ ఆన్ చెయ్యి. స్క్రీన్ ఎలా మారినా సెట్టింగులు ముట్టుకోకు.

వెనక వెలుతురు షటర్ చేతిలో ఉంది, ముందున్న మనిషి ఫ్లాష్ పవర్ చేతిలో ఉన్నాడు. రెండూ కలిపి తిప్పితే ఏది దేన్ని మార్చిందో తెలియక టెన్షన్ పడతావు. రెండు మీటర్ల దూరానికి ఈ ఐఎస్ఓతో 1/64 పవర్ సరిపోతుంది. చార్జింగ్ కోసం ఆగక్కర్లేదు, బ్యాటరీలూ రాత్రంతా వస్తాయి. వేషం కట్టినవాళ్లు ఆడుతుంటారు కాబట్టి ‘సెకండ్ కర్టెన్’ (షటర్ మూసుకునే ముందు ఫ్లాష్ వెలిగించే సెట్టింగ్) పెట్టుకుంటే కదలిక చార మనిషి వెనక పడుతుంది, లేకపోతే ముందు పడి వెనక్కి నడుస్తున్నట్టుంటుంది. వీధి బల్బులు పసుపుగా ఉండి ఫ్లాష్ నీలంగా కొడితే మనిషి అతికించిన బొమ్మలా కనిపిస్తాడు. ఫ్లాష్ ముందు నారింజ రంగు జెల్ కాగితం అంటించి, వైట్ బ్యాలెన్స్ బల్బు గుర్తు మీద పెట్టు.

ఫోకస్ దగ్గర ఆటోని నమ్ముకోకు. మొహం నిండా రంగు పూసుకున్న పులి వేషాన్ని కెమెరా ఒక్కోసారి మొహంగా గుర్తుపట్టదు. 18 మి.మీ. దగ్గర, ఎఫ్/5.6 లో, రెండు మీటర్ల మీద ముందే ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చేయి. దాదాపు మీటరున్నర నుంచి అయిదు మీటర్ల దాకా తేడా తెలియదు. ఇక స్క్రీన్ పని ఫ్రేము చూసుకోవడమే. సైలెంట్ షటర్ మాత్రం ఆపెయ్యి, ఎలక్ట్రానిక్ షటర్‌లో ఈ కెమెరా ఫ్లాష్ వెలిగించదు.

ఒక పెద్దరికం మాట. వేషం కట్టేది మొక్కు తీర్చుకోవడానికి. మూరెడు దూరం నుంచి కళ్ళల్లోకి ఫ్లాష్ కొట్టకు. పూనకంలో ఉన్నవాళ్ల దగ్గర ఫ్లాష్ అసలు వద్దు.

ప్రశ్న: ఫంక్షన్ హాలులో స్క్రీన్ మీద అడ్డంగా చారలు కదులుతుంటాయి. ఫ్లాష్ వల్లనా?
(ఒక పాఠకుడు, జయపురం)

జవాబు: కాదు, అక్కడి ఎల్ఈడీ దీపాల వల్ల. మన కరెంటు 50 హెర్ట్జ్. షటర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, చాలావరకు పోతాయి. ‘యాంటీ ఫ్లికర్’ ఉంటే 50 హెర్ట్జ్ మీద పెట్టుకోండి.

ప్రశ్న: అన్నా, మా నాన్నగారి ఫిల్మ్ కాలం ఫ్లాష్ ఒకటి అటక మీద దొరికింది. బ్యాటరీలు వేస్తే వెలుగుతోంది. డిజిటల్ కెమెరా మీద పెట్టొచ్చా?
(ఒక పాఠకుడు, గుణుపురం)

జవాబు: తమ్ముడూ, మీటర్ పెట్టి చూడకుండా మాత్రం పెట్టకు. ఆ కాలం ఫ్లాష్‌లు కొన్నింటికి కింద కాంటాక్ట్‌ల దగ్గర 200 వోల్టులు దాటి వచ్చేది. మెకానికల్ కెమెరాలు దాన్ని తట్టుకునేవి. డిజిటల్ బోర్డు కాలిపోవచ్చు. ఫ్లాష్‌ని పూర్తిగా చార్జ్ కానిచ్చి, మల్టీమీటర్‌ని డీసీలో పెట్టి, మధ్య పిన్నుకీ పక్కనున్న లోహపు అంచుకీ మధ్య కొలువు. చెయ్యి తగలనీయకు. 24 వోల్టుల లోపు ఉంటే ఎక్కువ కెమెరాలకి ఇబ్బంది ఉండదు, అయినా నీ కెమెరా మాన్యువల్‌లో పరిమితి చూసుకో. ఎక్కువ వస్తే కెమెరాకి తగలకుండా వాడే దారి ఒకటుంది. కింద ఆప్టికల్ స్లేవ్ తగిలించి దూరంగా నిలబెట్టు, కెమెరాలోని చిన్న ఫ్లాష్ వెలిగితే అది చూసి ఇదీ వెలుగుతుంది. కొనేముందు ఆ స్లేవ్ ఎన్ని వోల్టులు తట్టుకుంటుందో అడుగు. చిన్న ఫ్లాష్‌ని టీటీఎల్‌లో ఉంచితే అసలు వెలుగుకి ముందు ఒక పరీక్ష వెలుగు వేస్తుంది, నాన్నగారి ఫ్లాష్ దానికే వెలిగిపోయి ఫొటోలో పడదు. మాన్యువల్‌లో పెట్టు, రెడ్ ఐ కూడా ఆపెయ్యి.