హైతీ ఇనుప శిల్పాలకు తుప్పు: ఉప్పుకాగితం వాడొద్దు

మీ అత్తగారు సేకరించిన హైతీ ఇనుప శిల్పాలు తుప్పు పడుతున్నాయని, వాటిని నలుగురికీ ఎలా చూపించాలో తెలియట్లేదని రాశారు. టెన్షన్ పడకండి, కానీ ఉప్పుకాగితంతో మాత్రం రుద్దొద్దు. హైతీలో ఇనుప శిల్పాలకు పేరున్న క్రువా-దె-బుకే పట్టణ కళాకారులు పాత నూనె డ్రమ్ముల రేకును ఉలి, సుత్తితో మలుస్తారు. చాలామంది సంతకం కూడా ఉలితోనే కొడతారు. రుద్దితే అదీ అరిగిపోతుంది. పొడి కుంచెతో దుమ్ము దులిపి, పల్చగా మైనం పూసి, తేమ లేని గదిలో పెట్టండి.

సేకరణలో పెయింటింగులు కూడా ఉంటే, వాటి వెనక చీటీలు పీకేయకండి, అవి ఎక్కడివో చెప్పే ఆధారం అవే. 1944లో హైతీ రాజధాని పోర్టోప్రిన్స్‌లో మొదలైన సాంత్ర్ ద'ఆర్ అనే కళాకేంద్రంలో కొన్నవైతే మరీ ముఖ్యం. అత్తగారికి గుర్తున్నదంతా ఇప్పుడే ఫోన్‌లో రికార్డు చేయండి, నా దృష్టిలో మైనం కన్నా ఇదే తొందర పని. ప్రదర్శనకు మీ ఊరి లైబ్రరీని అడగండి. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఉన్న వాటర్లూ సెంటర్ ఫర్ ది ఆర్ట్స్‌లో హైతీ కళ పెద్ద ఎత్తున ఉంది, వాళ్లకూ రాసి చూడండి.