కనిష్కుడిని నాణెం దగ్గర మొదలుపెట్టు: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

కనిష్కుడి మీద నీవు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. వాక్యం చక్కగా నడిచింది, కాని మొదటి పేరాలోనే ‘శకకర్త, బౌద్ధ చక్రవర్తి’ అని రెండు బిరుదులు తగిలించి, చివరిదాకా ఆ కుషాణు రాజును వాటికే కట్టేశావు. పంచాంగంలో శాలివాహన శకం చూస్తూ పెరిగిన మనకు, అది మొదలైన క్రీ.శ. 78 అనగానే ఆయన గుర్తుకు రావడం సహజమే. అయితే ఇప్పుడు ఎక్కువమంది పండితులు ఆయన పాలన 127 ప్రాంతంలో మొదలైందని భావిస్తున్నారు. ఆ చర్చను ఒక్క వాక్యంలో ముగించి, ఆయన వేయించిన బంగారు నాణేన్ని దగ్గరగా చూడు.

పొడవాటి కోటు, బరువైన బూట్లు తొడుక్కున్న రాజు చిన్న అగ్నివేదిక మీదికి కుడిచేయి చాచి నిలబడి ఉంటాడు. తొలినాటి నాణేల మీద ‘రాజాధిరాజు’ అన్న బిరుదు గ్రీకు భాషలో ఉంది. కొంతకాలానికే లిపిని గ్రీకుగానే ఉంచి, భాషను కుషాణుల ఏలుబడిలోని బాక్ట్రియా ప్రాంతపు భాష బాక్ట్రియన్‌కు మార్చి ‘షావొనానొషావొ’ అని ముద్రించారు, ‘ష’ పలకడానికి గ్రీకులో లేని అక్షరాన్నొకదాన్ని చేర్చుకున్నారు. రాజు బిరుదు పరభాష నుంచి ఇంటి భాషకు చేరడమంటే ఏమిటో తెలుగులో రాసే నీకు వేరే చెప్పాలా? 1993లో ఆఫ్ఘనిస్తాన్‌లోని రబాతక్‌లో బయటపడ్డ శాసనం కూడా, ఆయన గ్రీకులో ఆజ్ఞ వెలువరించి తరువాత దాన్ని ‘ఆర్య’ భాషలో, అంటే ఈ బాక్ట్రియన్‌లోనే, పెట్టించాడని చెబుతోంది. సాకేతం, కౌశాంబి, పాటలీపుత్రం, శ్రీచంప దాకా ఆయన మాట చెల్లిందని చెప్పేదీ, ముత్తాత కుజుల కడ్ఫిసెస్ మొదలుకొని వంశాన్ని వరుసగా చెప్పేదీ అదే శాసనం.

నాణేల వెనుకవైపు నానా దేవి, సూర్యుడైన మియిరో, చంద్రుడైన మావో, శివుణ్ణి పోలిన ఓయెషో కనిపిస్తారు. ‘బొద్దో’ అన్న పేరుతో బుద్ధుడూ ఉన్నాడు, కాని ఆ నాణేలు బహు కొద్ది. తనకు రాజ్యం నానా నుంచీ సకల దేవతల నుంచీ దక్కిందని చెప్పుకున్న రాజును ఒకే మతానికి అప్పగించడం నాకు అన్యాయంగా తోస్తుంది. కాశ్మీరంలో జరిగిందనే బౌద్ధ సంగీతిని, అంటే భిక్షువుల మహాసభను, సంప్రదాయం చెప్పే కథగానే రాయి. బౌద్ధానికి ఆయన కాలం ఇచ్చినదానికి మట్టిలోనే సాక్ష్యముంది: పెషావర్ దగ్గరి షాజీకీ ఢేరీ స్తూపంలో 1908–09 తవ్వకాల్లో ధాతుకరండం, అంటే పవిత్ర అవశేషాలుంచే పేటిక, దొరికింది, దాని మూత మీద బుద్ధుడికి అటూ ఇటూ ఇంద్రుడూ బ్రహ్మా ఉన్నారు, పేటిక పక్కభాగం మీద కుషాణు వేషంలో ఒక రాజు నిలబడ్డాడు.

మళ్లీ రాసేముందు వీలు చేసుకుని మథుర మ్యూజియానికి వెళ్లిరా. దగ్గరి మాట్ గ్రామంలో దొరికిన కనిష్కుడి రాతి విగ్రహం అక్కడుంది; దానికి తల లేదు, చేతులు విరిగిపోయాయి. ‘మహారాజ రాజాతిరాజ దేవపుత్ర కనిష్క’ అన్న బ్రాహ్మీ అక్షరాలు మాత్రం కోటు మీద ఉన్నాయి, వాటి కింద మధ్య ఆసియా గుర్రపు రౌతుల బూట్లు రెండు వైపులకూ తిరిగి ఉన్నాయి. ఆ పాదాల దగ్గర కాసేపు నిలబడి చూసి వచ్చాక, రెండో ప్రతి పంపు.