సరైన పాస్‌వర్డు ఇచ్చినా ఫైలు తెరుచుకోకపోతే

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల రైతులకు మేత అరువిచ్చే ఒక దుకాణానికి ఖాతాల సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చాను. ప్రతి రాత్రి ఆ ఖాతాల బ్యాకప్‌ను ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లోని 'ఎన్క్' కమాండుతో, ఏఈఎస్-256-సీబీసీ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తున్నాము. ఉబుంటు 16.04తో నడిచిన పాత కంప్యూటరు పాడైపోవడంతో కొత్తదానిలో ఉబుంటు 22.04 వేశాము. ఇప్పుడు పాత బ్యాకప్ ఏది తెరవబోయినా 'బ్యాడ్ డిక్రిప్ట్' అని వస్తున్నది. పాస్‌వర్డు ముమ్మాటికీ అదే. ఈ ఖాతాలు ఇక పోయినట్లేనా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: పోలేదు. దయచేసి ఒక్క ఫైలును కూడా తుడిచివేయకండి. ఇదే సందేశం చూసి, ఫైలు పాడైందనుకొని బ్యాకప్‌లన్నీ తీసిపారేసినవారిని నేను ఎరుగుదును. ఆ నష్టం మీకు జరగకూడదని ఈ మాట ముందుగా చెబుతున్నాను.

మీరు ఇచ్చే పాస్‌వర్డు నేరుగా తాళంచెవి కాదు. దానికి 'సాల్ట్' అనే యాదృచ్ఛిక బైట్లను కలిపి, ఒక హ్యాష్ (ఏ సమాచారాన్నైనా నిర్ణీత పొడవున్న బైట్లుగా మార్చే లెక్క) గుండా నడిపితే వచ్చే ఫలితమే అసలు కీ. ఆ హ్యాష్ ఏదో మీరు చెప్పకపోతే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తన అలవాటు ప్రకారం ఒకటి ఎంచుకుంటుంది. మీ పాత కంప్యూటరులోని 1.0.2 వరుసకు ఆ అలవాటు ఎండీ5. 2016 ఆగస్టులో వచ్చిన 1.1.0 నుంచి అది ఎస్‌హెచ్‌ఏ-256గా మారింది, మీ కొత్త కంప్యూటరులోని 3.0 కూడా దానినే పాటిస్తుంది. ఒకే ధాన్యాన్ని పచ్చిగా ఆడిస్తే ఒక బియ్యం, ఉప్పుడు చేసి ఆడిస్తే మరొక బియ్యం వచ్చినట్లు, ఒకే పాస్‌వర్డు నుంచి రెండు వేర్వేరు కీలు పుడుతున్నాయి.

ముందుగా ఒక బ్యాకప్‌కు నకలు తీసి, దానిని హెక్స్ వ్యూయరులో (ఫైలులోని బైట్లను ఉన్నవి ఉన్నట్లు చూపే ప్రోగ్రాము) తెరవండి. మొదటి 8 బైట్లలో 'సాల్టెడ్' అనే ఇంగ్లిషు మాట, దాని వెనుక రెండు అండర్‌స్కోర్లు కనిపించాలి. తరువాతి 8 బైట్లు సాల్ట్. ఫైలు మొత్తం పరిమాణం 16తో నిశ్శేషంగా భాగింపబడితే, కాపీ చేసేటప్పుడు తోక తెగలేదని చాలావరకు నమ్మవచ్చు. ఆ తరువాత మీరు వాడే డిక్రిప్ట్ కమాండుకే '-ఎండీ ఎండీ5' అనే ఆప్షన్ జోడించి నడపండి, ఎండీ5 3.0లో కూడా అందుబాటులోనే ఉన్నది కనుక పాత వెర్షన్ కోసం వెతకవలసిన పని లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 'బ్యాడ్ డిక్రిప్ట్' అనేది చివరి 16 బైట్ల బ్లాకులోని ప్యాడింగ్ (బ్లాకు నిండేందుకు చేర్చే పూరకం) కుదరలేదన్న సంగతి మాత్రమే. తప్పుడు కీతో కూడా సుమారు 256 సార్లలో ఒకసారి ప్యాడింగ్ దైవికంగా కుదిరి, ఏ ఫిర్యాదూ లేకుండా చెత్త బైట్లు బయటికి వస్తాయి. కాబట్టి సందేశం రాలేదని సంతోషించకుండా, ఫైలు తెరిచి రైతు పేరు, మేత బస్తాల లెక్క, బాకీ సరిగా ఉన్నాయో లేదో కళ్లతో చూడండి.

ఖాతాలు చేతికి వచ్చాక ఆ పాత పద్ధతిని కొనసాగించవద్దు. పాస్‌వర్డు నుంచి కీ తయారుచేయడానికి అది చేసేది ఒకే విడత హ్యాషింగ్ కనుక, పాస్‌వర్డులను వరుసగా ఊహించి ప్రయత్నించేవాడికి పని బాగా తేలిక అవుతుంది. 2018లో వచ్చిన 1.1.1 నుంచి '-పీబీకేడీఎఫ్2', '-ఐటర్' అనే ఆప్షన్లు ఉన్నాయి: మొదటిది హ్యాషింగ్‌ను అనేక విడతలు చేయిస్తుంది, రెండవది ఎన్ని విడతలో చెబుతుంది. ఎస్‌హెచ్‌ఏ-256తో అయితే 6,00,000 విడతలు పెట్టమని సాఫ్ట్‌వేర్ భద్రత సంస్థ ఓవాస్ప్ సూచిస్తున్నది. అయితే ఆ విడతల సంఖ్య గానీ, హ్యాష్ పేరు గానీ ఫైలులో నమోదు కావు. పాస్‌వర్డు కాకుండా మిగిలిన ఆప్షన్లన్నీ ఉన్న పూర్తి కమాండును ఒక కాగితం మీద రాసి, దుకాణం యజమాని బీరువాలో ఉంచండి.

నన్ను అంతకన్నా ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి. సీబీసీ దాస్తుంది గానీ, మార్పును పట్టుకోదు. ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలులో ఎవరైనా ఒక బిట్ తిప్పితే, ఆ 16 బైట్ల బ్లాకు గజిబిజి అవుతుంది, తరువాతి బ్లాకులో సరిగ్గా అదే స్థానంలోని బిట్ తిరగబడుతుంది. అంటే ఒక రైతు బాకీలోని ఒక అంకె మారిపోవచ్చు. 'ఎన్క్' కమాండు జీసీఎం వంటి, ధ్రువీకరణతో కూడిన (అంటే మార్పును పట్టుకునే) పద్ధతులను అనుమతించదు. అందువల్ల ఈ పనిని మీ ప్రోగ్రాములోకే తెచ్చుకొని, లిబ్‌సోడియం అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలోని సీక్రెట్‌స్ట్రీమ్ వాడమని నా సలహా. అది ఫైలును ముక్కలుగా ఎన్‌క్రిప్ట్ చేసి ప్రతి ముక్కకు ముద్ర వేస్తుంది. చివరి ముక్కకు గుర్తు పెట్టి, చదివేటప్పుడు ఆ గుర్తు కోసం చూస్తే తోక తెగిన ఫైలు కూడా దొరికిపోతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ జీసీఎంనే ఎంచుకుంటే మాత్రం, ఒకే కీతో ఒకే నాన్స్‌ను (ప్రతి ఎన్‌క్రిప్షన్‌కూ కొత్తగా ఇవ్వవలసిన సంఖ్య) రెండుసార్లు వాడకండి. డిక్రిప్ట్ చివరి ఫంక్షన్ విజయం తెలిపేవరకు, అప్పటికే బయటికి వచ్చిన సమాచారాన్ని ఎక్కడా ఉపయోగించకండి.

ప్రశ్న: ఇంజినీరింగ్ ప్రాజెక్టు కోసం సీ భాషలో ఏఈఎస్ ప్రోగ్రాము రాశాను. కంపైల్ చేస్తే ఏఈఎస్ ఫంక్షన్లు 'డెప్రికేటెడ్' అనే హెచ్చరికలు, చివరికి 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అనే ఎర్రరు వస్తున్నాయి. లైబ్రరీ ఉన్నది, హెడరు కూడా దొరుకుతున్నది.
— ఒక విద్యార్థిని, అమలాపురం

జవాబు: మీ ప్రోగ్రాముకు లైబ్రరీలను కలిపే లింకరు, కమాండును ఎడమ నుంచి కుడికి చదువుతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీని కలపమనే '-ఎల్‌క్రిప్టో'ను మీ ఫైలు పేరుకు ముందు రాసి ఉంటారు. దానిని ఫైలు పేరు తరువాతికి, వరుస చివరికి జరపండి. హెచ్చరికల సంగతి వేరు: ఏఈఎస్ పేరుతో మొదలయ్యే నేరు ఫంక్షన్లను 2021లో విడుదలైన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 వాడుక నుంచి తప్పించే దారిలో పెట్టింది. వాటి బదులు అదే లైబ్రరీలోని ఈవీపీ అనే ఫంక్షన్లతో రాయండి, ప్రతి పిలుపు తిరిగి ఇచ్చే విలువను పరీక్షించండి. విఫలమైన చోట 'ఎర్ర్_ప్రింట్_ఎర్రర్స్_ఎఫ్‌పీ'ని పిలిస్తే కారణం తెర మీద పడుతుంది. అప్పటికీ చిక్కు విడకపోతే ఆ వరుసలను ఉన్నవి ఉన్నట్లు, మీ కంపైల్ కమాండుతో సహా పంపండి. కీ మాత్రం పంపకండి.