అట్లాంటాలో నల్లజాతి మహిళల సంఘాలకు తెలుగువాళ్లు ఏం చేయగలరు?

మీరు అట్లాంటాకు కొత్త. ఇక్కడి నల్లజాతి మహిళల సంఘాల్లో ఏదైనా చేయాలనుంది, తెలుగువాళ్లను కలుపుకుంటారా అని అడిగారు. నన్నైతే కలుపుకున్నారు. కానీ నాలా మొదలుపెట్టకండి.

నాది లెక్కలు రాసే ఉద్యోగం. మా అమ్మ ఇరవై ఏళ్లు డ్వాక్రా సంఘంలో ఉంది. ఆ ధీమాతో మొదటి సమావేశంలోనే పొదుపు సంఘం ఎలా నడపాలో అరగంట చెప్పాను. ఒక పెద్దావిడ ఓపికగా అంతా విని, మిసిసిపీలోని తన మేనత్త ఇంటి పందుల సంగతి ఎత్తారు.

ఓటరుగా నమోదు కావడానికి వెళ్లినందుకు 1962లో పత్తి తోటలోంచి గెంటేసిన నల్లజాతి ఉద్యమకారిణి ఫ్యానీ లూ హేమర్, 1969లో సన్‌ఫ్లవర్ కౌంటీలో ఫ్రీడమ్ ఫామ్ అనే సహకార సేద్యం ప్రారంభించారు. 1935లో మేరీ మెక్‌లియోడ్ బెతూన్ స్థాపించిన నేషనల్ కౌన్సిల్ ఆఫ్ నీగ్రో విమెన్ అనే నల్లజాతి మహిళల సంఘం దానికి పందులను సమకూర్చింది. పేద కుటుంబానికి ఒక ఆడపందిని ఇస్తారు. అది ఈనాక పిల్లల్లో కొన్నింటిని తిరిగి జమ చేయాలి. అవి మరో ఇంటికి వెళ్తాయి. దాని పేరే పందుల బ్యాంకు. మన ఊళ్లలో గొర్రెను పిల్లల్లో వాటాకు ఇచ్చినట్టే. కాకపోతే మన దగ్గర ఆ వాటా ఆసామికి చేరుతుంది, అక్కడ ఇంకో లేనివాళ్ల ఇంటికి చేరేది. నా కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఏం చేయమంటారని అప్పుడు అడిగాను. కారుందా అన్నారు. నాలుగేళ్లుగా గర్భిణులను పరీక్షలకు తీసుకెళ్తున్నాను. చిన్న పనిలా ఉంటుంది కానీ, 2022లో అమెరికాలో లక్ష కాన్పులకు తెల్లజాతి తల్లులు 19 మంది చనిపోతే, నల్లజాతి తల్లులు దాదాపు 50 మంది. ఒకసారి తలనొప్పి అన్న అమ్మాయిని ఆసుపత్రివాళ్లు అలసటేనని పంపేయబోయారు. కాన్పుకు తోడుండే డూలా ఒకావిడ మాతో వచ్చారు. రక్తపోటు చూసేదాకా ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. చూశాక ఆ రాత్రి అమ్మాయిని అక్కడే ఉంచేశారు.

ఇంకో మాట. ఆఫీసులోలా పెద్దవాళ్లను వట్టి పేరుతో పిలవకండి. పేరుకు ముందు ‘మిస్’ చేర్చాలి, మనం పిన్నిగారూ అన్నట్టు. సంఘం పేరులో ‘నీగ్రో’ ఉన్నది 1935 నాటి పేరు కనుక. ఆ మాట మీ నోట రాకూడదు. మన విందుల్లో వీళ్ల గురించి దొర్లే మాటలు మీరూ వినే ఉంటారు, వాటి సంగతి చెప్పనక్కర్లేదు.

వచ్చే శనివారం సమావేశం ఉంది. నా కారులో చోటుంది.